పుష్పావతిగారికి చెప్పిన అర్థం

మనిషిని చూడగానే ఒక మాట అతికించెయ్యడం సుహాసినికున్న జబ్బు. తెలుగు మాటైతే అర్థమై తిరగబడతారని కాబోలు, ఇంగ్లీషు మాటే అతికిస్తుంది. రైల్లో రోజూ ఎదురు సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయే ఉద్యోగికి ఒక మాట, ప్రిన్సిపాల్ గోవర్ధనరావుగారికి ఒక మాట, స్టేషను బయట ఇడ్లీలమ్మే ఆవిడకి ఇంకో మాట. గుడివాడలో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది కాబట్టి ఆ సరుక్కి లోటు లేదు.

ఉండేది బందరులో. బుట్టాయిపేటలో పుష్పావతిగారి మేడ మీద వాటాలో ఒక్కతే ఉంటుంది. పొద్దున్నే ప్యాసింజరెక్కి గుడివాడ వెళ్తుంది, సాయంత్రానికి తిరిగొస్తుంది. గేటు చప్పుడైతే చాలు, కింది వాటా తలుపు తెరుచుకుంటుంది.

"వచ్చావా అమ్మాయ్? ట్రైన్ లేటా? ఆ చీర కొత్తదా? అంచు బాగుందే! మీ కాలేజీలో ఆ పొడుగమ్మాయి పెళ్ళి కుదిరిందన్నావ్, ఏమైంది? ఇవాళ బెండకాయలు చూశావా, అన్నీ ముదురే!"

ఒక ప్రశ్నకి జవాబు చెప్పేలోపు నాలుగోది వచ్చేస్తుంది. మెట్లెక్కి తలుపేసుకున్నా కింద మాట వినపడుతూనే ఉంటుంది. పాపం, ఆవిడకి మాత్రం ఎవరున్నారు? సొంతూరు దివిసీమలో కోడూరు. భర్త పిచ్చేశ్వరరావుగారు రొయ్యల చెరువుల పని మీద వారమంతా అక్కడే ఉండి ఆదివారాలు బందరొస్తారు. మిగతా రోజులు ఆవిడ కూరలమ్మే మనిషితో, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినతనితో, గోడవతల కట్టేసిన గేదెతో కూడా మాట్లాడుతుంది.

ఒక సంగతి మాత్రం చెప్పి తీరాలి. సుహాసిని వాళ్ళు నీచు ముట్టరు. పుష్పావతిగారింట్లో చేపలు లేని రోజుండదు. అందుకని సుహాసిని వాటాలో దిగిన వారానికే ఆవిడ బజారుకెళ్ళి ఒక ఇనప మూకుడు కొనుక్కొచ్చింది. అది చేపల గిన్నెలకి తగలకుండా పై అరలో విడిగా పెట్టింది. సుహాసినికి ఏదన్నా చేసి పంపాలంటే ఆ మూకుడులోనే చేస్తుంది. "ఇది నీ మూకుడమ్మాయ్, ఇందులో నేను కోడిగుడ్డు కూడా వెయ్యను" అని ఒట్టేసి మరీ చెప్పింది. సుహాసిని అరటికాయ బజ్జీలు తిన్నది గానీ, ఆ మూకుడు గురించి ఎప్పుడూ పెద్దగా ఆలోచించలేదు.

ఆ మధ్య ఎదురింటి తాతారావుగారు పోయారు. పరామర్శకి పుష్పావతిగారు, సుహాసిని కలిసే వెళ్ళారు. తాతారావుగారి భార్య చాప మీద గోడకానుకుని కూర్చునుంది. పుష్పావతిగారు పక్కన కూలబడి ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత కిటికీ వైపు చూసి, "ఈ కర్టెన్లు ఎప్పుడు మార్చారు వదినా? గుడ్డ మంచిదిలాగుందే!" అంది.

సుహాసినికి తల తీసేసినట్టయింది. శవం లేచిన ఇంట్లో కర్టెన్లేమిటి!

ఆ సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తూ, తనతోపాటు పనిచేసే లహరికి ఫోన్లో ఈ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. లహరి అవతల పడీ పడీ నవ్వుతోంది. నవ్వే మనిషి దొరికితే చెప్పే మనిషికి హుషారెక్కుతుంది కదా! "ఇంకేం చెప్పమంటావే, మా పుష్పావతిగారు ఉన్నారే... షీ ఈజ్ సో సూపర్‌ఫిషియల్!" అని వెనక్కి తిరిగింది.

మెట్ల మీద పుష్పావతిగారు నిలబడుంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో వేడి వేడి బజ్జీలు.

"నా పేరు వినపడితేనూ..." అంది ఆవిడ నవ్వుతూ. "ఏదో సూపర్ అన్నావ్. నన్నేనా?"

సుహాసిని ఫోన్ కట్టేసింది. "ఆఁ... అదే... సూపర్‌ఫిషియల్ అండీ."

"అంటే ఏంటమ్మాయ్?"

ఏం లేదు పిన్నిగారూ అంటే సరిపోయేది. వేరే పుష్పావతి గురించి అన్నా ఆవిడ నమ్మేది. కానీ టీచరు నోరు కదా, అర్థం అడిగితే అర్థం చెప్పెయ్యడమే దానికలవాటు.

"అంటే... అందరితో ఇట్టే కలిసిపోయే మనిషి అని పిన్నిగారూ. కలుపుగోలు మనిషి అని."

పుష్పావతిగారి మొహం వెలిగిపోయింది. పళ్ళెం పిట్టగోడ మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అట్టాగా! నన్ను ఇంగ్లీషులో మెచ్చుకోవడం ఇదే మొదలమ్మా. నేను ఏడో క్లాసుతో ఆపేశానా, మా తోడికోడలు డిగ్రీ చదివింది. నేను నోరు తెరిస్తే చాలు 'వాగుడుకాయక్క మొదలెట్టింది' అనేది పదిమందిలో. ఏదీ, మళ్ళీ అను. సూపర్ ఫిషల్."

"ఫిషల్ కాదండీ, ఫిషియల్" అంది సుహాసిని.

ఏం చెప్పమంటారు! ఉచ్చారణ దిద్దింది. ఆ మాట ఆవిడ నోట సరిగ్గా పలికేదాకా నాలుగైదుసార్లు అనిపించింది. అర్థం మాత్రం దిద్దలేదు.

ఈ పని ఇంకెవరన్నా చేస్తే పోనీలే అనుకోవచ్చు. సుహాసిని సూర్యప్రకాశరావు మాస్టారి కూతురు. చల్లపల్లి హైస్కూల్లో ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆయన కనపడితే సైకిలు దిగుతారు. తెలియని మాట ఎవరన్నా అడిగితే "తెలీదు, రేపు చెప్తా" అనేవారు గానీ ఊహించి చెప్పేవారు కాదు. ఒకసారి టెన్త్ క్లాసులో ఏదో మాటకి తప్పు అర్థం చెప్పారు. ఇంటికెళ్ళి డిక్షనరీ చూసుకున్నారు. మర్నాడు ప్రేయర్లో మైకు ముందుకొచ్చి, "నిన్న టెన్త్ వాళ్ళకి నేను తప్పు చెప్పాను, క్షమించాలి. సరైన అర్థం ఇదీ" అని స్కూలంతా వినేలా చెప్పారు. ఆ క్లాసులో సుహాసిని కూడా ఉంది. పిల్లలంతా తనవైపు చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటికొచ్చి, "అంత అవసరమా నాన్నా?" అని పోట్లాడింది. "తప్పు అర్థం నేర్చుకున్నవాడు దాన్ని ఎక్కడో వాడతాడమ్మా. అక్కడ నవ్వులపాలయ్యేది వాడు, నేను కాదు" అన్నారాయన.

సరిగ్గా అదే జరిగింది.

పుష్పావతిగారు ఆ మాటని దాచుకోలేదు. కొత్త గాజులు వేసుకున్న మనిషి చెయ్యి ఊపుతూ మాట్లాడినట్టు, సందు దొరికినచోటల్లా వాడింది. కూరలమ్మే మనిషితో, "నాతో నీకు బేరం పేచీ ఏముందయ్యా, నేను సూపర్‌ఫిషియల్" అంది. మందుల షాపులో అంది. బ్యాంకులో మేనేజరుతో అంది. ఆయన మొదట తెల్లబోయి, తర్వాత నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వాడట. "ఎంత మంచాయనో! నా మాటకి ఎంత సంతోషించాడనుకున్నావ్!" అని సాయంత్రం గేటు దగ్గర సుహాసినికి చెప్పింది.

ఇవాళ చెప్పేద్దాం అని సుహాసిని రోజూ అనుకునేది. గుడివాడ నుంచి వస్తూ రైల్లో మాటలు కూడా సిద్ధం చేసుకునేది. తీరా గేటు తియ్యగానే ఆవిడ మొహం చూసి గబగబా మెట్లెక్కేసేది. పోనుపోను ఇంకా కష్టమైంది. మొదటిరోజు చెబితే ఒక్క తప్పే. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ ఊరుకున్నావేం అంటే ఏం చెప్పాలి?

ఈలోగా మాస్టారికి కంట్లో శుక్లం ముదిరింది. బందరులో ఆపరేషనన్నారు. అన్నయ్య పసిపిల్లల్ని వదిలి రాలేనంది తల్లి. ఆయనొక్కరే చల్లపల్లి నుంచి వచ్చి కూతురి దగ్గర దిగారు. ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్ళు చదవకూడదు, టీవీ చూడకూడదు, వేళకి చుక్కల మందు వెయ్యాలి.

"నువ్వు కాలేజీ మానొద్దమ్మాయ్, నేను లేనూ!" అంది పుష్పావతిగారు.

సుహాసిని లోలోపల లెక్కేసుకుంది. నాన్నని ఆవిడకప్పగించి తను గుడివాడలో కూర్చుంటే, ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. పడకుండా ఎలా ఉంటుంది? ఆవిడ దగ్గరున్నది ఒకే ఒక్క ఇంగ్లీషు మాట, ఎదురుగా కూర్చునేది ఇంగ్లీషు మాస్టారు! లోకంలో ఎవరేమనుకున్నా ఫరవాలేదు గానీ, నాన్నకి తెలిస్తే మాత్రం పుట్టింట్లో తలెత్తుకు తిరగలేదు.

మొదటిరోజు ఇంటికొచ్చేసరికి ఆయన వరండాలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని హాయిగా నవ్వుతున్నారు. పుష్పావతిగారు పేపరు చదివి వినిపిస్తోంది. ఒక వార్త చదవడం, దానికి తన వ్యాఖ్యానం చెప్పడం. "ఈ ఎమ్మెల్యేగారి మేనత్త మా కోడూరు కోడలే మాస్టారూ, ఆవిడ ఆవకాయ పెడితే వీధంతా వాసనే" అంటోంది.

"చెల్లెమ్మ చదివితే పేపరు కూడా కబుర్లలాగుందమ్మా" అన్నారాయన కూతురితో.

ఆ రాత్రి భోజనాలయ్యాక సుహాసిని కిందికెళ్ళి ఇంకో పాపం చేసింది. "పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. నాన్నగారితో ఎక్కువ మాట్లాడొద్దన్నారు డాక్టరుగారు. కంటికి ఒత్తిడి అట" అంది. డాక్టరు అలాంటిదేం అనలేదు.

పుష్పావతిగారు నాలుక కరుచుకుంది. "అయ్యో, నా నోరు మండ! తెలీలేదమ్మా!"

మర్నాడు సాయంత్రం సుహాసిని వచ్చేసరికి వరండాలో చప్పుడు లేదు. కుర్చీలో నాన్న, ఎదురు కుర్చీలో పుష్పావతిగారు. పేపరు మడతపెట్టి ఒళ్ళో ఉంది. ఆవిడ రెండు చేతులూ దానిమీద పెట్టుకుని, పరీక్ష హాల్లో పిల్లలా కూర్చునుంది. సుహాసినిని చూసి, మాట్లాడలేదు సుమా అన్నట్టు వేలు పెదాల మీద పెట్టి చూపించింది.

"ఆవిడకి ఒంట్లో బాలేదామ్మా?" అని లోపలికొచ్చాక అడిగారు మాస్టారు. "పొద్దుట్నుంచీ ఒక్క మాట లేదు. నాకేమీ తోచలేదు."

సుహాసిని స్టవ్ వెలిగిస్తూ ఉండిపోయింది. తన మీద తనకే అసహ్యమేసింది. అయినా ఆ అబద్ధాన్ని కూడా వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం కన్ను చూపించడానికి వెళ్ళారు. కాంపౌండరు తెలిసినవాడని పుష్పావతిగారు కూడా వచ్చింది. డాక్టరు లైటు వేసి చూసి, "బాగుందండీ. కొంచెం ఎర్రగా ఉంది గానీ అది సూపర్‌ఫిషియల్, భయపడక్కర్లేదు. హాయిగా మాట్లాడుకోండి, తిరగండి" అన్నారు.

పుష్పావతిగారు సుహాసిని వైపు గిరుక్కున తిరిగింది. తన మాట డాక్టరు నోట విన్నందుకు ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. అంతలో నర్సు తర్వాతివాళ్ళని పిలిచింది. ఆటోలో సుహాసిని ఆపకుండా మాట్లాడింది. ఎండల గురించి, కోనేరు సెంటరు ట్రాఫిక్ గురించి, మంగినపూడి బీచికి వేసిన రోడ్డు గురించి. ఆ కాసేపూ ఇద్దరిలో వాగుడుకాయ ఎవరంటే సుహాసినే.

ఎంతసేపు ఆపగలదు? ఇంటికి రాగానే పిచ్చేశ్వరరావుగారు కోడూరు నుంచి దిగారు. వరండాలో నలుగురూ టీ తాగుతున్నారు. పుష్పావతిగారు కప్పు కిందపెట్టి, ఇన్నాళ్ళ మౌనమూ ఒక్కసారి విప్పింది.

"మాస్టారూ, నాకో సందేహం. మీ కన్ను సూపర్‌ఫిషియల్ అన్నారు డాక్టరుగారు. కన్ను కలుపుగోలుగా ఉండటమేంటండీ?"

"కలుపుగోలా?" అన్నారు మాస్టారు.

"ఆ మాటకి అర్థం అదేగా! మీ అమ్మాయే నేర్పింది. నన్ను చూసి తనే అంది, పుష్పావతిగారు సూపర్‌ఫిషియల్ అని. తన స్నేహితురాలికి ఫోన్లో చెప్తుంటే నా చెవిన పడింది."

పిచ్చేశ్వరరావుగారు విసుక్కున్నారు. "ఆ మాటతో చంపుతోందండీ మాస్టారూ. బ్యాంకులో కూడా అందంట, ఆ మేనేజరు నవ్వాడంట. నాకెందుకో అనుమానంగానే ఉంది. మీరు చెప్పండి, దానర్థం అదేనా?"

మాస్టారు కప్పు సాసర్లో పెట్టారు. నల్లకళ్ళద్దాలు కూతురి వైపు తిరిగాయి. ఆ అద్దాల వెనక ఏముందో సుహాసినికి కనపడలేదు. కనపడక్కర్లేదు కూడా. ఫోను, స్నేహితురాలు, చెవిన పడటం, తప్పు అర్థం. ఆయనకి మొత్తం తెలిసిపోయింది. తెలిసిపోయిందని ఆమెకి తెలిసింది. నాన్నా, నువ్వే చెప్పెయ్, నన్ను ఇక్కడే చంపెయ్ అనుకుంది. చెప్పొద్దు నాన్నా అని కూడా అనుకుంది.

"అదేనండీ" అన్నారు మాస్టారు. "మనిషి గురించి అంటే అదే అర్థం. కలుపుగోలు మనిషి. కంటికి వేరేగా వాడతారు."

"చూశారా!" అని పుష్పావతిగారు మొగుడి తొడమీద ఒక్కటి చరిచింది. "మాస్టారే చెప్పారు, ఇంకేం కావాలి?"

మాస్టారు లేచి గోడ పట్టుకుని మెట్లెక్కారు. సుహాసిని చెయ్యి అందించబోతే, "నేనెక్కగలనులే" అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

గదిలో ఆయన మంచం మీద కూర్చుని కళ్ళద్దాలు తీసి, ఒళ్ళో పెట్టుకున్నారు. సుహాసిని గుమ్మంలో నిలబడింది.

"నాన్నా..."

"రేపు పొద్దున్న బస్సుకి వెళ్ళిపోతానమ్మా."

"ఏదో నోరు జారి అన్నాను నాన్నా. తర్వాత చెబుదామనే..."

"నోరు జారి తిడతారు. అర్థం మార్చి చెప్పడం నోరు జారడం కాదు." ఆయన గొంతు పెంచలేదు. "ఆవిడ నాకు కంట్లో మందేస్తుంటే చెయ్యి వణక్కుండా ఊపిరి బిగబట్టేది. ఆ మనిషిని ఊరంతా నవ్వేలా తిప్పావు. నలుగురిలో నిజం చెబితే ఆవిడ తల ఎక్కడ పెట్టుకుంటుంది? అందుకని నేనూ చెప్పాను, నీ అర్థమే. నా నోటితో."

గోడవైపు తిరిగి పడుకున్నారు. మైకు ముందు నిలబడి క్షమించాలి అన్న నాన్న చేత ఇవాళ అబద్ధం చెప్పించింది తను. సుహాసినికి ఏడుపు కూడా రాలేదు. ఏడిస్తే అదొక నాటకమౌతుందేమోనని సిగ్గేసింది.

పిచ్చేశ్వరరావుగారు బజారుకెళ్ళిన గేటు చప్పుడు విని కిందికి దిగింది. పుష్పావతిగారు నేల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"రామ్మా. మాస్టారికి పాలు కావాలా?"

"కాదండీ. మీకొకటి చెప్పాలి. ఆ మాట... సూపర్‌ఫిషియల్. నేను చెప్పిన అర్థం తప్పు."

"అదేంటి? మాస్టారు కూడా అదే చెప్పారుగా."

"అసలర్థం వేరు పిన్నిగారూ. పైపైన ఉండే మనిషి అని. లోతు లేని మనిషి అని. మనిషి గురించి అంటే అది తిట్టే."

పుష్పావతిగారు నవ్వేసింది. "నువ్వేదో పొరబడ్డావమ్మా. మాస్టారు అబద్ధం చెప్తారా? జీవితమంతా పాఠం చెప్పిన మనిషి, నీకంటే ఆయనకి తెలీదూ?"

అవును పిన్నిగారూ, నేనే పొరబడ్డాను అని పైకెళ్ళిపోవచ్చు. తలుపు తెరిచే ఉంది. నిజం చెప్పాలంటే నాన్నని అబద్ధాలకోరు అనాలి. నాన్న పరువు కాపాడాలంటే ఈవిడని రేపు మళ్ళీ బ్యాంకుకి పంపాలి.

"ఆయన అబద్ధమే చెప్పారండీ" అంది సుహాసిని. "మీరు నొచ్చుకుంటారని. అసలు తప్పు నాది."

పుష్పావతిగారి వేళ్ళు చిక్కుడుకాయ మీద ఆగిపోయాయి.

"అంటే ఆ రోజు డాబా మీద నన్ను తిట్టావా?"

"అవునండీ."

"నేనేం చేశానమ్మా?"

"తాతారావుగారింట్లో... కర్టెన్ల గురించి అడిగారని."

ఆవిడ కాసేపు గుర్తు తెచ్చుకుంది. "అడిగాను. పొద్దుట్నుంచీ వచ్చినోళ్ళంతా ఎట్టా పోయారు, ఎట్టా పోయారు అంటుంటే వదిన చెప్పిందే చెప్పి ఏడుస్తోంది. నాకేం అనాలో తెలీలేదు. కర్టెన్లు కనపడ్డాయి, అడిగేశా." చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. "అక్కడ ఏం మాట్లాడాలమ్మా మరి? చదువుకున్నోళ్ళు ఏం మాట్లాడతారు?"

దెప్పిపొడుపు కాదది. నిజంగానే అడుగుతోంది. ఆ రోజు సుహాసిని తనేం మాట్లాడింది? గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. మధ్యలో ఫోన్లో మెసేజీలు చూసుకుంది. ఆవిడ పక్కన కూర్చోనైనా కూర్చోలేదు.

"బ్యాంకు మేనేజరు అందుకే నవ్వాడా?" అంది పుష్పావతిగారు.

"అవునండీ."

"మందుల షాపులో ఆ అమ్మాయి కూడానా?"

సుహాసిని తలూపింది.

"మా తోడికోడలికి ఫోన్ చేసి చెప్పానే!" అంది ఆవిడ. "చెబితే, 'నిజమే అక్కా, నువ్వు మొదట్నుంచీ అంతేగా' అంది. దానికి తెలుసు. తెలిసే అంది. నేను సంబరపడి ఫోన్ పెట్టేశా."

కూరగాయల బుట్ట పక్కకి జరిపి, లేచి నిలబడి, కొంగు సర్దుకుంది. "వెళ్ళమ్మా, మాస్టారికి మందు వేళయింది" అంది.

మర్నాడు పొద్దున ఆటో వచ్చింది. సుహాసిని నాన్న సంచి పట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. పుష్పావతిగారు తులసికోట దగ్గర నిలబడుంది. మామూలుగా అయితే ఎండలో వెళ్ళొద్దని, సీటు కిటికీ పక్కన తీసుకోమని, చల్లపల్లిలో ఫలానా వాళ్ళని అడిగానని చెప్పమని ఊపిరాడనిచ్చేది కాదు. "జాగ్రత్త మాస్టారూ" అని మాత్రం అంది.

మాస్టారు ఆగారు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. ఎండకి ఆ కన్ను నీరు కారుతోంది. ఆవిడకెదురుగా నిలబడి రెండు చేతులూ జోడించారు.

"అమ్మా, నిన్న నేను మీకు తప్పు అర్థం చెప్పాను. తెలిసే చెప్పాను. క్షమించండి."

ఎదురింటి వాకిలి ఊడుస్తున్న తాతారావుగారి భార్య చీపురాపి చూసింది. ఆటో అతను చూశాడు. ఇంకా కోడూరు బయల్దేరని పిచ్చేశ్వరరావుగారు పేపరు దించి చూశారు.

"అయ్యయ్యో, మీరు నాకు దణ్ణం పెట్టడమేంటి మాస్టారూ!" అని పుష్పావతిగారు కంగారుపడి రెండడుగులు వెనక్కి వేసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "అద్దాలు పెట్టుకోండి, ఎండ..."

సంచి మోస్తూ సుహాసిని అక్కడే ఉంది. అప్పుడు తట్టింది. రాత్రి తను అర్థం చెప్పింది, కారణం చెప్పింది, ఎవరెవరు ఎందుకు నవ్వారో చెప్పింది. పాఠం చెప్పినట్టు అంతా చెప్పింది. క్షమించమని మాత్రం అడగలేదు. ఆ ఒక్క మాటా నాన్న అడుగుతున్నారు, తను చేసిన తప్పుకి, నీళ్ళు కారే కన్నుతో. సారీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రైల్లో కాలు తొక్కినా అనే మాట అది. దాన్ని మింగేసింది. ఆటో కదిలిపోయింది.

ఆ రోజు గుడివాడలో క్లాసులో ఎవరో ఏదో మాటకి అర్థం అడిగితే, "రేపు చెప్తాను" అంది. తెలియక కాదు. నోరు రాలేదు.

సాయంత్రం గేటు తీస్తే కింది వాటా తలుపు తెరుచుకోలేదు. మెట్లెక్కింది. పై మెట్టు మీద, తన తలుపు ముందు, మూకుడు బోర్లించి ఉంది. శుభ్రంగా తోమి, తడి లేకుండా తుడిచి పెట్టింది ఆవిడ.

సుహాసిని బ్యాగు దించకుండానే ఆ మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇంతకంటే పెద్ద తిట్టు ఏ భాషలోనూ లేదు. కింద టీవీ మోగుతోంది, మనిషి గొంతు మాత్రం లేదు. చాలాసేపటికి లేచి, మూకుడు రెండు చేతులతో పట్టుకుని కిందికి దిగి తలుపు కొట్టింది.

పుష్పావతిగారు తలుపు తీసి చూసింది.

"పిన్నిగారూ, నేను మిమ్మల్ని చాలా తక్కువ చేశాను" అంది సుహాసిని. "అబద్ధం చెప్పాను. నాన్నతో మాట్లాడొద్దని డాక్టరు అన్నారనీ అబద్ధమే చెప్పాను. నిన్న అన్నీ చెప్పాను గానీ ఈ మాట అడగలేదు. నన్ను క్షమించండి."

పుష్పావతిగారు ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది. సరేలే అనలేదు, పోనీలే అనలేదు. వెనక స్టవ్ మీద చేపల పులుసు ఉడుకుతోంది. ఆవిడ పక్కకి తప్పుకుంది. సుహాసిని వంటింట్లోకి నడిచి మూకుడు గట్టు మీద పెట్టబోయింది.

"అక్కడ పెట్టకు, చేపల గిన్నెలున్నాయి" అంది పుష్పావతిగారు. "ఆ పై అరలో పెట్టు."

సుహాసిని పై అరలో పెట్టింది. ఆ సాయంత్రం ఆవిడ ఇంకొక్క మాట కూడా మాట్లాడలేదు.